ఇంటి షెడ్డులో బండి కట్టుకోవచ్చా?

పాత బుల్లెట్ ఒకటి కొని, ఇంటి షెడ్డులో విప్పదీసి, మనకు నచ్చిన రూపంలో మళ్లీ కట్టుకోవచ్చా? బండ్ల మీద మక్కువ ఉన్న కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. పుదుచ్చేరిలో తట్టాంచావడి వంటి చోట ఉండేవాళ్లకు ఇది మరీ దగ్గరి ప్రశ్న. అది పారిశ్రామికవాడ ఉన్న పేట. వర్క్‌షాపుల మధ్య పెరిగిన పిల్లవాడికి లేత్ మిషనూ, గ్రైండర్ చప్పుడూ, వెల్డింగ్ వెలుగూ కొత్త కాదు. బుల్లెట్ పుట్టిల్లు కూడా దూరమేమీ కాదు. ఇంగ్లండులోని రెడిచ్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాక, మద్రాసు ఉత్తరపు కొసన ఉన్న తిరువొత్తియూరు ఆ బండికి స్వస్థలమైపోయింది. ఈ తీరమంతటా దాని విడిభాగాలు దొరుకుతాయి, దాని నాడి తెలిసిన మెకానిక్కులూ ఉంటారు. సామాను ఉంది, పని తెలిసిన చేయి ఉంది, ఇక మొదలుపెట్టడమే ఆలస్యం అనిపించడం సహజం.

మొదలుపెట్టవచ్చు, ఒక షరతు మీద. వెల్డింగ్ రాడ్ పట్టుకునే ముందు కొలత టేపు పట్టుకోవాలి. మోటారు సైకిలులో కంటికి అందంగా కనిపించేవన్నీ, అంటే ట్యాంకు, సీటు, రంగు, దీపం, చాలావరకు మార్చుకోదగ్గవే. బండిని నిలబెట్టేవి, తిప్పేవి, ఆపేవి మాత్రం కంటికి కనబడని కొన్ని అంకెలు. వాటిని తెలుసుకుని మార్చినవాడు ప్రయోగం చేస్తున్నట్టు. తెలుసుకోకుండా మార్చినవాడు తన ప్రాణాన్నీ, రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాడి ప్రాణాన్నీ పందెం కాస్తున్నట్టు.

షెడ్డులో పుట్టిన బండి ఎంత దూరం పోగలదో తెలియాలంటే న్యూజిలాండ్ వైపు చూడాలి. ఇన్వర్‌కార్గిల్ ఊరికి చెందిన బర్ట్ మన్రో 1920లో 600 సీసీల ఇండియన్ స్కౌట్ బండి కొన్నారు. కొత్తలో అది గంటకు 90 కిలోమీటర్లు అందుకోవడమే గొప్ప. దాన్ని ఆయన నాలుగు దశాబ్దాలకు పైగా తన షెడ్డులోనే మారుస్తూ పోయారు. పిస్టన్లు కూడా పాత డబ్బాలను అచ్చులుగా పెట్టి సొంతంగా పోత పోసుకున్నారు. 1967లో అమెరికాలోని బోన్నెవిల్ ఉప్పు మైదానంలో అదే బండి గంటకు 296 కిలోమీటర్ల వేగంతో 1,000 సీసీల లోపు తరగతిలో రికార్డు నెలకొల్పింది. మన్రో పట్టుదల గురించి అందరూ చెబుతారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఆయన షెడ్డు గోడకు ఉంది. విరిగిన పిస్టన్లనూ, పగిలిన భాగాలనూ పారేయకుండా అలమరలో వరసగా పేర్చి, వేగ దేవుడికి సమర్పించిన కానుకలని రాసి పెట్టుకున్నారు. విరిగిన ప్రతి ముక్కా ఎక్కడ, ఎందుకు విరిగిందో చెబుతుంది. ఆ సాక్ష్యాన్ని దాచుకోవడం శాస్త్రజ్ఞుడి అలవాటు.

బండిని నిలబెట్టేది ఏది?

రెండు చక్రాల బండి ఆగి ఉంటే పడిపోతుంది, నడుస్తుంటే నిలబడుతుంది. ఎందుకని? తిరిగే చక్రం బొంగరంలా తన దిశను పట్టుకుని ఉంటుంది కాబట్టి అనేది చాలాకాలం అందరూ నమ్మిన జవాబు. 1970లో డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రజ్ఞుడు దీన్ని పరీక్షించడానికి ఒక సైకిలు ముందు చక్రం పక్కన ఎదురు దిశలో తిరిగే మరో చక్రం బిగించారు. బొంగరపు గుణం ఒకదానికొకటి కొట్టుకుపోయింది, అయినా సైకిలు చక్కగా నడిచింది. తరువాత 2011లో కార్నెల్, డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు మరో అడుగు ముందుకు వేశారు. బొంగరపు గుణాన్నీ, ఇప్పుడు మనం చెప్పుకోబోయే ఈడ్పు గుణాన్నీ రెండింటినీ తీసేసి, బరువుల అమరిక ఒక్కదానితోనే తనంతట తాను నిలబడే చిన్న రెండు చక్రాల బండిని తయారుచేసి చూపించారు. బండి నిలకడకు కారణం ఒక్కటి కాదని, చాలా కొలతలు కలిసి పనిచేస్తేనే నిలకడ వస్తుందని దీనితో తేలింది. అందుకే బండిలో ఒక కొలత మారిస్తే ఫలితం ఆ ఒక్కచోటితో ఆగదు.

ఆ కొలతల్లో ఇంటి బిల్డరు చేతికి మొదట తగిలేవి రెండు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు తిరిగే ఇరుసు గీత నిలువు నుంచి ఎంత వెనక్కి వాలి ఉందో చెప్పేది మొదటిది. మెకానిక్కులు దీన్నే రేక్ అంటారు, మనం వాలు కోణం అందాం. ట్రెయిల్ అనే రెండోదాన్ని ఈడ్పు దూరం అందాం. ఆఫీసు కుర్చీ కింద ఉండే చిన్న చక్రాన్ని గమనిస్తే ఈడ్పు దూరం ఇట్టే అర్థమవుతుంది. ఆ చక్రం నేలను తాకే చోటు, దాన్ని పట్టుకున్న పిన్ను కింద సరిగ్గా ఉండదు, కాస్త పక్కకు ఉంటుంది. కుర్చీని ఎటు నెట్టినా చక్రం గిర్రున తిరిగి పిన్ను వెనక్కి చేరి, అది పోయే దారినే పడుతుంది. పిన్నుకూ, చక్రం నేలను తాకే చోటుకూ మధ్య ఉన్న ఆ కొద్ది దూరమే చక్రాన్ని దారిలో పెడుతోంది. మోటారు సైకిలు ముందు చక్రం కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. హ్యాండిల్ తిరిగే ఇరుసు గీతను ఊహలో నేల దాకా పొడిగిస్తే, అది చక్రం నేలను తాకే చోటు కన్నా కొద్దిగా ముందు తగులుతుంది. ఆ రెండింటి మధ్య దూరమే ఈడ్పు దూరం. రోడ్డు బండ్లలో ఇది సాధారణంగా 90 నుంచి 110 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, వాలు కోణం 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటుంది.

దీన్ని కొలవడానికి పెద్ద యంత్రమేదీ అక్కర్లేదు. సమతలంగా ఉన్న సిమెంటు గచ్చు మీద బండిని నిటారుగా నిలబెట్టాలి, చక్రం తిన్నగా ఉండాలి. ముందు ఇరుసు మధ్య నుంచి తాపీమేస్త్రీ వాడే దారపు గుండు వేలాడదీసి, గుండు చూపిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. ఫోర్కుకు కాదు, ఫోర్కులను పట్టుకున్న తల గొట్టానికి సమాంతరంగా ఒక సన్నని తిన్నని కడ్డీ ఆనించి, దాని గీత నేలను తాకే చోట రెండో గుర్తు పెట్టాలి. రెండు గుర్తుల మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. కడ్డీ వాలును ఫోనులోని కోణమాపకం చూపిస్తుంది. ఒక సాయంత్రం పని ఇది. ఈ రెండంకెలూ రాసుకోకుండా రంపం పట్టుకున్నవాడికి, తాను ఏం మార్చాడో తరువాత తెలుసుకునే దారి ఉండదు.

ఫోర్కు నాలుగంగుళాలు పొడిగిస్తే

ముందు చక్రం దూరంగా చాచి, వెనక్కి వాలినట్టుండే చాపర్ రూపం చాలామందికి ఇష్టం. ఛాసిస్‌ను ముట్టుకోకుండా ఫోర్కును 100 మిల్లీమీటర్లు పొడిగిస్తే చాలదా అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. ముందు చక్రం టైరుతో కలిపి 660 మిల్లీమీటర్ల వ్యాసం, చక్రాల మధ్య దూరం 1,390 మిల్లీమీటర్లు, వాలు కోణం 26 డిగ్రీలు, ఈడ్పు దూరం 105 మిల్లీమీటర్లు ఉన్న బండిని తీసుకుందాం. ఫోర్కు పొడిగిస్తే బండి ముందు భాగం సుమారు 90 మిల్లీమీటర్లు లేస్తుంది. వెనక ఇరుసు చుట్టూ బండి మొత్తం దాదాపు 4 డిగ్రీలు వెనక్కి ఒరుగుతుంది. వాలు కోణం 30కి, ఈడ్పు దూరం 130 దాకా పెరుగుతాయి. ఇంకా ముందుకు పోయి, తల గొట్టాన్నే కోసి 40 డిగ్రీలకు వాల్చి వెల్డ్ చేస్తే ఈడ్పు దూరం 210 దాటుతుంది, అంటే మొదటి దానికి రెట్టింపు.

ఈడ్పు దూరం పెరిగిన బండి హైవే మీద గీత గీసినట్టు పోతుంది. కానీ ఊళ్లో నడవాలంటే హ్యాండిల్ బరువెక్కుతుంది. పైగా వాలు కోణం ఎక్కువైన కొద్దీ, హ్యాండిల్ కాస్త తిప్పగానే ముందు భాగం కిందికి దిగి చక్రం తనంతట తానే ఇంకా పక్కకు వాలబోతుంది. నడిచే వేగంతో సందులో మలుపు తిప్పేటప్పుడు ఇలా వాలడాన్ని చేతులతో ఆపాలి. పుదుచ్చేరి పాత పట్టణంలో అడుగడుగునా లంబకోణంలో మలుపు తిరిగే వీధుల్లో, బస్సుకూ ఆటోకూ మధ్య దూరే రద్దీలో, ఇది అలసటతో ఆగదు, ప్రమాదంగా మారుతుంది.

అమెరికాలో ఇలాంటి బండ్లు వేలాదిగా తిరుగుతున్నాయి కదా అని అడగవచ్చు. తిరుగుతున్నాయి. వాటిని తెలిసి కట్టినవాళ్లు ఫోర్కు ఒక్కటే పొడిగించి ఊరుకోరు. ఛాసిస్‌ను కూడా దానికి తగ్గట్టు మలిచి, ఫోర్కులను పట్టే పలకలను వేరే కోణంలో తయారుచేసి, పెరిగిన ఈడ్పు దూరాన్ని తిరిగి అదుపులోకి తెస్తారు. ఆ పలకల కోణం ఎక్కువైతే ఈడ్పు దూరం మరీ తగ్గిపోయి, వేగంలో హ్యాండిల్ వణకడం మొదలుపెడుతుంది. రెండు వైపులా హద్దులున్నాయి. బండి రూపం చూసి నకలు చేయవచ్చు, దాని వెనక ఉన్న లెక్క చూస్తే వచ్చేది కాదు.

బ్రేకు సంగతీ ఇక్కడే చూడాలి. బండీ నడిపేవాడూ కలిసి 270 కిలోలు, బరువు కేంద్రం నేల నుంచి 600 మిల్లీమీటర్ల ఎత్తు అనుకుందాం. గట్టిగా బ్రేకు వేస్తే సుమారు 80 కిలోల బరువు వెనక చక్రం మీది నుంచి ముందు చక్రం మీదికి మారుతుంది. అదే సమయంలో రోడ్డు ముందు చక్రాన్ని వెనక్కి నెడుతుంది. ఆ తోపు అంతా ఫోర్కు పొడవున ఎక్కి తల గొట్టం దగ్గర ఛాసిస్‌ను వంచబోతుంది. ఫోర్కు ఎంత పొడవైతే ఈ వంపు బలం అంత పెరుగుతుంది. ఇంటి బిల్డరు సాధారణంగా వెల్డ్ చేసేది సరిగ్గా ఈ చోటనే.

అతుకు ఆయుష్షు

తల గొట్టం దగ్గరి వెల్డింగ్ అతుకును భూతద్దంలో చూస్తే అసలు విషయం బోధపడుతుంది. మధ్యలో చేప పొలుసుల్లా వరసలు తీరిన అతుకు బలంగానే ఉంటుంది. ప్రమాదం దాని అంచున దాగి ఉంటుంది. కరిగిన లోహం ముగిసి గొట్టం మొదలయ్యే గీత వెంట ఒక సన్నని మడత కనిపిస్తుంది, అక్కడక్కడ వెంట్రుకవాసి గాడి ఉంటుంది. దాని పక్కనే రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున వేడి సోకిన పట్టీ ఉంటుంది, అక్కడ ఉక్కు గుణం మారిపోయి ఉంటుంది. బలం గొట్టం వెంట పారుతూ వచ్చి ఈ మడత దగ్గర ఇరుకున పడుతుంది. పగులు పుట్టేది ఇక్కడే.

ఒక్క దెబ్బకు విరగని లోహం, చిన్న దెబ్బలు లక్షల సార్లు పడితే విరుగుతుంది. దీన్ని లోహపు అలసట అంటారు. 1842లో ఫ్రాన్సులో వెర్సాయ్ దగ్గర రైలింజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది. అటువంటి ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో తెలుసుకోవడానికి జర్మనీలో ఆగస్ట్ వోలర్ ఆ శతాబ్దంలోనే ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. బరువు ఎంత అన్నదానితో పాటు ఎన్నిసార్లు అన్నది కూడా లెక్కలోకి వస్తుందని ఆయన పరీక్షలు నిరూపించాయి. వెల్డింగ్ అతుకుల విషయంలో ఇంజనీర్లు ఈనాడు వాడే లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. అతుకు మీద ఒత్తిడి రెట్టింపయితే ఆయుష్షు సగం కాదు, దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

పాతకాలపు మేస్త్రీలు ఏ లెక్కలూ లేకుండా కంటి చూపుతోనే ఛాసిస్‌లు కట్టారు, బాగానే నడిచాయి అనేవారు ఉన్నారు. వాళ్ల చేతివాటాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ బాగానే నడిచింది అన్న మాటకు అర్థం ఏమిటో చూడాలి. ఒంటి సిలిండరు ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే సెకనుకు 50 అదుర్లు. గంటకు 50 కిలోమీటర్ల లెక్కన 1,000 కిలోమీటర్లు పోవడానికి 20 గంటలు పడితే, ఛాసిస్ 36 లక్షల అదుర్లు తిన్నట్టు. 4,000 కిలోమీటర్లకు అది 1 కోటి 44 లక్షలు అవుతుంది. పగులు మొదటి లక్షల్లో మొలకెత్తి, తరువాతి లక్షల్లో నెమ్మదిగా పాకి, చివరి కొద్ది వేలల్లో తెగిపోవచ్చు. మొదటి నెల క్షేమంగా గడవడం రుజువు కాదు. పైగా విరిగిన బండ్లు పాత ఇనుము కొట్టుకు పోతాయి, విరగనివే వీధిలో కనిపిస్తాయి. మిగిలినవాటిని మాత్రమే లెక్కించి అన్నీ బాగున్నాయనడం సరైన తర్కం కాదు.

మేలురకం గట్టి ఉక్కు గొట్టం వాడితే సరిపోతుందన్నది ఇంకో వాదం. గొట్టం వరకు అది నిజమే. అతుకు అంచు దగ్గర అలసటను తట్టుకునే శక్తి మాత్రం ఉక్కు ఎంత గట్టిదన్న దానిపై పెద్దగా ఆధారపడదని పరీక్షల్లో తేలింది, ఎందుకంటే పగులును పుట్టించేది ఆ మడత ఆకారం. అతుకు అంచును నునుపుగా రుద్దడం, అతుకును ఒత్తిడి తక్కువున్న చోటికి జరపడం, పైన ఆసరా పలక వేసి బలాన్ని పంచడం ఖరీదైన గొట్టం కన్నా ఎక్కువ మేలు చేస్తాయి. తట్టాంచావడికి సముద్రం కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఉప్పుగాలి సోకిన అతుకులో తుప్పూ అలసటా ఒకదానికొకటి తోడవుతాయి. పొడిగాలిలో ఒక హద్దు లోపల ఎన్ని అదుర్లయినా భరించే ఉక్కు, ఉప్పు తేమలో ఆ హద్దును కోల్పోతుంది. అందుకే ఇక్కడ కట్టే బండికి అతుకు లోపలా బయటా రంగు పూత అలంకారం కాదు, ఆయుష్షు. అయితే పూత వేయకముందే అతుకును పరీక్షించాలి, మందపాటి పూత పగులును దాచేస్తుంది.

బుల్లెట్‌కు ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. చాలాకాలం నడిచిన ఆ పాత ఛాసిస్‌లో ముందు గొట్టం ఒక్కటే కిందికి దిగుతుంది. ఇంజను కింద పూర్తి ఊయల ఉండదు, ఇంజను పెట్టెనే ఎముకగా వాడుకున్నారు. ఇంజను దించేసిన ఛాసిస్ అసంపూర్ణమైన అస్థిపంజరం. దాన్ని అలాగే వెల్డ్ చేస్తే వేడికి గొట్టాలు లాక్కుపోయి, బోల్టు రంధ్రాలు తిరిగి కలవవు. బలవంతంగా బిగిస్తే ఆ లాగుడు అతుకుల్లోనే ఉండిపోతుంది. గొట్టాలను కదలకుండా పట్టే చట్రం, అంటే జిగ్, తయారుచేసుకోవడం ఈ పనిలో మొదటి వెల్డింగ్ కావాలి.

చట్టం ఏమంటుంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. బండి మౌలిక నిర్మాణాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణలో, అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని చేర్చారు. పుదుచ్చేరి పీవై 01 బండికైనా, మన యానాం పీవై 04 బండికైనా ఇదే చట్టం. శబ్దానికీ హద్దుంది. 175 సీసీలు దాటిన బండి నిర్ణీత పరీక్షలో 80 డెసిబెల్స్ మించకూడదు. సైలెన్సర్ పీకేయడం బిల్డింగ్ కాదు, పొరుగువాడి నిద్ర మీద దాడి.

ఇది సృజనను చంపడం కాదా? ఈ అభ్యంతరంలో పస ఉంది. చట్టం భయపడేది కొలవని మార్పుకు. కొలిచిన మార్పుకు కూడా తలుపు మూసేయడం మాత్రం సబబు కాదు. కంపెనీలు కొత్త నమూనాను పుణేలోని ఏఆర్‌ఏఐ, ఒరగడంలోని జీఏఆర్‌సీ వంటి పరీక్షా కేంద్రాల్లో నిరూపించుకుని రోడ్డెక్కిస్తాయి. ఆ దారి వేల బండ్లు చేసేవాళ్ల కోసం వేసింది, ఒక్క బండి కట్టుకునేవాడు ఆ ఖర్చు మోయలేడు. బ్రిటన్‌లో దీనికి ఎంఎస్‌వీఏ అనే పద్ధతి ఉంది. ఔత్సాహికుడు కట్టిన ఒక్క బండినీ అధికారులు పరీక్షించి, ప్రమాణాలకు తగ్గట్టు ఉంటే ఆమోదిస్తారు. ఇలాంటి దారి మనకూ కావాలి. దాన్ని మొదలుపెట్టి చూడడానికి పుదుచ్చేరి వంటి చిన్న ప్రాంతం అనువైనది. తట్టాంచావడిలో పారిశ్రామికవాడ ఉంది, పక్కనే లాస్‌పేటలో మోతీలాల్ నెహ్రూ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. ఛాసిస్ కొలతలు, అతుకుల పరీక్ష, బ్రేకుల పరీక్ష అటువంటి చోట నామమాత్రపు రుసుముతో జరిగితే, దొంగచాటుగా జరిగే పని వెలుగులోకి వస్తుంది, నేర్చుకునేవాడికి గురువూ దొరుకుతాడు.

షెడ్డులో పని వరస

అలాంటి ఏర్పాటు వచ్చేదాకా ఇంటి బిల్డరుకు రెండు రంగాలున్నాయి. రోడ్డు మీద తిప్పే బండిలో సీటు, ఆర్సీలో నమోదు చేయించి రంగు, అద్దాలు, ఆమోదం పొందిన దీపాలు, చేయి అందే ఎత్తులో హ్యాండిల్ మార్చుకోవచ్చు. ఇక్కడా జాగ్రత్త అవసరమే. హ్యాండిల్ ఎత్తు పెంచితే ఎక్సలరేటర్ కేబుల్ పొట్టిదవుతుంది. ఇంజను నడుస్తుండగా హ్యాండిల్‌ను రెండు కొసలకూ తిప్పి చూడాలి. ఇంజను చప్పుడు పెరిగిందంటే కేబుల్ లాగుతోందని అర్థం, మలుపులో బండి తనంతట తానే దూకుతుంది. ఛాసిస్, ఫోర్కు జోలికి పోయే ప్రయోగాలు ప్రదర్శన బండ్ల మీద, ప్రైవేటు ట్రాకు మీద చేసుకోవాలి.

రెండింటికీ పద్ధతి ఒక్కటే. విప్పకముందు కొలిచి రాసుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడు మార్చి బండి వణికితే, ఏది కారణమో తెలియదు. మార్చాక మళ్లీ కొలవాలి. అతుకులను ఎర్ర ద్రవంతో పరీక్షించడం చవకైన పని. శుభ్రం చేసిన అతుకు మీద ఎర్రరంగు ద్రవం చల్లి, కాసేపాగి తుడిచి, తెల్ల పొడి ద్రవం చల్లితే, పగులులో దాగిన ఎరుపు సన్నని గీతగా తెలుపు మీదికి ఊరుతుంది. ఈ పరీక్ష మొదట్లో ఒకసారి, మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మరోసారి, ఆ పైన క్రమం తప్పకుండా చేయాలి.

ఇంత లెక్క చూసుకుంటే ఇక ఆనందం ఎక్కడిది అని అడిగేవాళ్లు ఉంటారు. గీత గీయడం రాని చిత్రకారుడికి స్వేచ్ఛ ఎక్కువ ఉండదు, చేతనైనది తక్కువ ఉంటుంది. ఈడ్పు దూరం తెలిసిన బిల్డరు ధైర్యంగా కొత్త రూపం ఊహించగలడు, ఎందుకంటే ఆ రూపం రోడ్డు మీద ఎలా నడుచుకుంటుందో అతనికి ముందే తెలుసు. కాబట్టి ఇంటి షెడ్డులో బండి కట్టుకోవచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఇది: కట్టేవాడు ప్రతి మార్పునూ అంకెలో చెప్పగలిగితే, పరీక్షకు నిలబెట్టగలిగితే, కట్టుకోవచ్చు. అలా నిరూపించి చూపేవాడికి రోడ్డు మీదికి దారి ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత.